ప్యాకెట్ మీద ‘జీఎం’ అని లేకపోతే లోపల లేనట్టేనా?

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో. అడిగినావిడది విజయవాడ, ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. డాలస్‌లో ఉండే చెల్లెలు సెలవులకు వస్తూ మొక్కజొన్న చిప్స్ తెచ్చింది. ఆ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ‘బయోఇంజనీర్డ్ పదార్థం కలిసి ఉంది’ అని, అంటే జన్యువులు మార్చిన పంట (మనం ‘జీఎం’ అనేది) ఉందని, రాసి ఉంది. అదే కంపెనీ చిప్స్ ఇక్కడి షాపులో కొంటే ఆ మాట లేదు. దాంతో ఆవిడ ఒక సాయంత్రం కూర్చుని వంటింట్లో ప్యాకెట్లన్నీ తిరగేశారు. నూనె, బిస్కెట్లు, మీల్‌మేకర్, కార్న్‌ఫ్లేక్స్... దేని మీదా జీఎం ఊసే లేదు. ఉప్పు ప్యాకెట్ మీద మాత్రం ‘నాన్ జీఎంఓ’, అంటే జీఎం కాదని, ఆకుపచ్చ ముద్ర కనిపించింది! మన దేశంలో దీనికి రూలేమైనా ఉందా, రాయలేదంటే లేనట్టేనా, పాపకు పెట్టేవి ఎలా చూసుకోవాలి అన్నది ఆవిడ టెన్షన్.

సూటిగా చెప్పేస్తాను. రాయనంత మాత్రాన లేనట్టు కాదు. రాయాలన్న రూలు మన దగ్గర పదేళ్ల కిందటే వచ్చింది కానీ కాగితం దాటి ప్యాకెట్ మీదకు ఎక్కలేదు. అలాగని కంగారు పడాల్సిన పనీ లేదు. మన వంటింట్లోకి జీఎం వచ్చే దారులు చాలా తక్కువ: పత్తి గింజల నూనె, దిగుమతి సోయా నూనె, కనోలా (ఆవాల జాతి గింజ) నూనె, విదేశాల్లో తయారై వచ్చే మొక్కజొన్న, సోయా సరుకులు. వీటిని గుర్తుపెట్టుకుని వెనక వైపు పదార్థాల జాబితా చదివితే, ఎవరూ అచ్చు వేయని ఆ రెండు అక్షరాల కోసం వెతుక్కోనక్కర్లేదు.

నేను ఈ లేబుళ్ల పనిలో పడి పద్దెనిమిదేళ్లయింది. మొదట గుంటూరు వైపు ఒక నూనె మిల్లు ల్యాబ్‌లో చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో చిన్న తయారీదారులకూ దిగుమతిదారులకూ లేబుళ్లు సరిచూసి పెడుతుంటాను. ఇన్నేళ్లలో ఒక్కటంటే ఒక్క ప్యాకెట్ మీద కూడా పై భాగంలో ‘జీఎం’ అని అచ్చయి ఉండగా నేను చూడలేదు.

రూలు సంగతి

2012 జూన్‌లో తూనికలు కొలతల వాళ్ల ప్యాకేజీ నిబంధనలను సవరించారు. జీఎం ఆహారం ఉన్న ప్రతి ప్యాకెట్ ముందు భాగంలో, పైన, ‘జీఎం’ అని ఉండాలన్నారు. 2013 జనవరి 1 నుంచి అమలు అన్నారు. ఆ వాక్యం అక్కడితో అయిపోయింది. ఎంత శాతం ఉంటే రాయాలి? నూనెలాంటి వాటికి వర్తిస్తుందా? ఏ పరీక్షతో తేల్చాలి? ఇవేవీ అందులో లేవు. తూకం, ఎమ్మార్పీ, తయారీ తేదీ చూసే ఇన్‌స్పెక్టర్ చేతిలో దీన్ని పట్టుకునే సాధనం ఏముంటుంది? పాపం ఆయన ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేయాల్సిందే.

రెండోది ఆహార భద్రత చట్టం, 2006 నాటిది. అందులో 22వ సెక్షన్ ప్రకారం, నిబంధనల్లో అనుమతి ఉంటే తప్ప జీఎం ఆహారాన్ని తయారుచేయకూడదు, అమ్మకూడదు, దిగుమతి చేసుకోకూడదు. ఇదే సెక్షన్‌లోని నిర్వచనం చాలా విశాలమైంది. జీఎం జీవి నేరుగా ఉన్న ఆహారమే కాదు, జీఎం జీవి నుంచి తీసి, ఇప్పుడు ఆ జీవి ఏ రూపంలోనూ లేని పదార్థం కూడా దీని కిందికి వస్తుంది. అంటే జీఎం సోయా నుంచి తీసిన నూనె కూడా జీఎం ఆహారమే. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

అయితే ఆ సెక్షన్ చెప్పిన ‘నిబంధనలు’ ఏవి అంటే, ముసాయిదాల దగ్గరే ఆగాయి. 2018 లేబుల్ ముసాయిదాలో 5 శాతం, అంతకు మించి ఉంటే రాయాలన్నారు. 2020లో లేబుల్ నిబంధనలు తుదిరూపంలో వచ్చేసరికి ఆ అంశమే లేదు. 2021 నవంబర్‌లో జీఎం ఆహారాలకే ప్రత్యేకంగా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆ చట్టాన్ని అమలుచేసే కేంద్ర సంస్థ) ఒక ముసాయిదా తెచ్చింది. ఈసారి 1 శాతం, అంతకు మించి ఉంటే ‘జీఎంఓ ఉంది’ లేదా ‘జీఎంఓ నుంచి తీసిన పదార్థాలు ఉన్నాయి’ అని రాయాలన్నారు. పసిపిల్లల ఆహారంలో జీఎం పదార్థాలు వాడనే కూడదన్నారు. 2022 నవంబర్‌లో దాన్నే మార్చి మళ్లీ ముసాయిదాగా పెట్టారు. 2024 ముగిసేనాటికీ అది ముసాయిదాగానే ఉంది. మా వృత్తిలో ముసాయిదా అంటే పెళ్లిచూపుల లాంటిది. కాఫీ తాగి వెళ్లినంత మాత్రాన ముహూర్తం పెట్టినట్టు కాదు.

2024 జూలై 23న సుప్రీంకోర్టు జీఎం ఆవాల కేసులో తీర్పు ఇచ్చింది. ఆవాల అనుమతి మీద ఇద్దరు జడ్జీలదీ చెరో మాట అయింది. కానీ జీఎం ఆహారం, ముఖ్యంగా జీఎం వంటనూనెల దిగుమతి విషయంలో మాత్రం ఆహార భద్రత చట్టంలో లేబుళ్లకు సంబంధించిన 23వ సెక్షన్ పాటించి తీరాలని ఇద్దరూ ఒక్క మాట మీదే చెప్పారు. పేపర్లన్నీ ఆవాల గురించే రాశాయి. నాలాంటివాడు మాత్రం ఆ ఒక్క వాక్యాన్ని ఎర్ర పెన్నుతో గీసుకున్నాడు.

ఇంకో విచిత్రం వినండి. 2020 ఆగస్టులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక ఆదేశం ఇచ్చింది. యాపిల్, వంకాయ, మొక్కజొన్న, గోధుమ, బొప్పాయి, బంగాళాదుంప, వరి, సోయా, టమోటా లాంటి 24 పంటలను దిగుమతి చేసుకుంటే, అవి జీఎం కావని ఎగుమతి దేశం నుంచి సర్టిఫికెట్ తేవాలి. పొరపాటున కలిసినా 1 శాతం దాటకూడదు. 2021 మార్చి నుంచి ఇది నడుస్తోంది. అయితే ఇది పంట రూపంలో వచ్చే సరుకుకే పరిమితం, తయారైన ఆహారానికి వర్తించదు. వాషింగ్టన్ యాపిల్ పెట్టెకు సర్టిఫికెట్ కావాలి, అక్కడి మొక్కజొన్నతో చేసిన చిప్స్ డబ్బాకు అక్కర్లేదు. గుమ్మానికి తాళం వేసి కిటికీ తెరిచి పెట్టినట్టుంది.

మన ఊళ్లో పుట్టే జీఎం నూనె

మన దేశంలో చట్టబద్ధంగా సాగులో ఉన్న జీఎం పంట ఒక్కటే, బీటీ పత్తి, అంటే పురుగును తట్టుకునేలా బ్యాక్టీరియా జన్యువు ఎక్కించిన పత్తి. 2002 మార్చిలో అనుమతి ఇచ్చారు. ఇప్పుడు పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా అదే. ఆదిలాబాద్ నుంచి ఆదోని దాకా చేలో కనిపించేది బీటీయే. పత్తి అనగానే అందరికీ బట్టలు గుర్తొస్తాయి. కానీ క్వింటాల్ పత్తిని జిన్నింగ్ చేస్తే దూది 33, 35 కిలోలే వస్తుంది. మిగిలినదంతా దాదాపు గింజే. ఆ గింజ మిల్లుకు వెళ్తుంది, నూనె అవుతుంది. దేశం మొత్తం మీద ఏటా 10 లక్షల టన్నులకు పైనే పత్తి గింజల నూనె వస్తుంది. గుజరాత్‌లో అది ఇంటింటి వంటనూనె. మన వైపు ఇంట్లో పేరు పెట్టి కొనేవాళ్లు తక్కువే కానీ మిక్స్చర్, కారప్పూస, బేకరీ సరుకులు, వనస్పతి రూపంలో మన నోట్లోకి బాగానే వెళ్తుంది.

నేను మిల్లులో ఉన్నప్పుడు రోజూ చూసిన పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పరీక్ష ఎందుకు పనికిరాదో ఇక్కడే అర్థమవుతుంది. గానుగ నుంచి దిగిన ముడి నూనె నల్లగా, ఎర్రగా, చెరుకు పాకం మాడినట్టు ఉంటుంది. ఆ రంగు గాసిపాల్ అనే పదార్థానిది. అది తినడానికి పనికిరాదు కాబట్టి కాస్టిక్ సోడాతో కడుగుతారు. అడుగున గోధుమ రంగు సబ్బు ముద్ద దిగుతుంది. తర్వాత ఒక రకం మట్టితో కలిపి రంగు లాగేస్తారు. చివర్లో 200 డిగ్రీలు దాటిన వేడిలో, వాక్యూమ్‌లో, ఆవిరి పంపి వాసన పోగొడతారు. ఇంత జరిగాక గాజు గ్లాసులో పోసి చూస్తే లేత బంగారు రంగు. మాంసకృత్తులు, డీఎన్ఏ అన్నీ చాలా వరకు చెక్కలో (నూనె తీశాక మిగిలే పిప్పి), సబ్బులో, మట్టిలో పోయాయి.

జీఎం ఉందా లేదా అని చూసే పరీక్ష పీసీఆర్. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష గుర్తుందిగా, అదే కుటుంబం. బీటీ పత్తిలోకి ఎక్కించిన జన్యువును పనిచేయించడానికి కాలీఫ్లవర్‌కు తెగులు తెచ్చే ఒక వైరస్ నుంచి తీసిన చిన్న డీఎన్ఏ ముక్కను స్విచ్చిలా వాడతారు. ల్యాబ్ వాళ్లు ముందు వెతికేది ఆ స్విచ్చినే. పత్తి గింజను నూరి పరీక్షిస్తే వెంటనే దొరుకుతుంది. రిఫైన్డ్ నూనెలో డీఎన్ఏ నామమాత్రం కాబట్టి ఒక్కోసారి దొరుకుతుంది, చాలాసార్లు దొరకదు.

ఒకసారి ఇలాగే జరిగింది. ఒక చిన్న ప్యాకింగ్ యూనిట్ యజమాని రిఫైన్డ్ పత్తి గింజల నూనె నమూనాను బయటి ల్యాబ్‌కు పంపించుకున్నాడు. రిపోర్టులో ‘కనిపించలేదు’ అని వచ్చింది. ఆయన సంబరంగా నా దగ్గరకొచ్చి, ‘ఇంకేంటి సార్, నాన్ జీఎంఓ అని కొట్టించేద్దాం, పది రూపాయలు ఎక్కువొస్తుంది’ అన్నాడు. రిపోర్టు చెప్పింది నూనెలో డీఎన్ఏ దొరకలేదని మాత్రమే, గింజ బీటీ కాదని ఎక్కడా చెప్పలేదు. చట్టం నిర్వచనంలో ఎక్కడి నుంచి తీశారన్నదే లెక్క. పైగా తప్పుదారి పట్టించే ప్రకటనకు అదే చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది. ఈ మాటలన్నీ చెబితే ఆయన ముఖం వేలాడేసుకుని, ‘మరి జీఎం అని కొట్టించమంటారా?’ అన్నాడు. రూలు అదే చెబుతోంది అన్నాను. నవ్వేశాడు. నేనూ నవ్వాను. ఆ లేబుల్ ఏమీ రాయకుండానే అచ్చుకు వెళ్లింది. నా వృత్తిలో నాకు నచ్చని రోజుల్లో అదొకటి.

ఇక ఆ చెక్క సంగతి. పత్తి చెక్క గేదెలకు పెడతారు, వెన్న బాగా వస్తుందని పాడి రైతుల నమ్మకం. 2021 ఆగస్టులో కోళ్ల దాణా ధర మండిపోతే, కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్కను దిగుమతి చేసుకోనిచ్చింది. మన కోళ్ల రైతులు ఊపిరి పీల్చుకున్నారు. మరి ఆ పాలు, గుడ్లు జీఎం అవుతాయా? చాలా దేశాల లేబుల్ రూళ్లు అలా అనవు. కఠినంగా ఉండే యూరప్‌లో కూడా జీఎం దాణా తిన్న పశువు పాలకూ మాంసానికీ లేబుల్ అక్కర్లేదు. దాణాలోని డీఎన్ఏ పశువు కడుపులో అరిగిపోతుంది.

మీ రెండు చిప్స్ ప్యాకెట్ల తేడా

మీరు దొరికించుకున్న తేడాలో మోసమేమీ లేదండీ. అమెరికాలో పండే మొక్కజొన్న దాదాపు అంతా జీఎం. అక్కడ 2016లో చట్టం చేశారు, 2018లో నిబంధనలు రాశారు, 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. అందుకని మీ చెల్లెలు తెచ్చిన ప్యాకెట్ మీద ఆ మాట ఉంది. ఇక్కడ అదే కంపెనీ అమ్మేది ఇక్కడ తయారైందైతే, అందులో ఉన్నది ఇక్కడి మొక్కజొన్నే. నిజామాబాద్‌లోనో కర్నూలులోనో పండిన మొక్కజొన్న హైబ్రిడ్ కావచ్చు గానీ జీఎం కాదు, మన దేశంలో జీఎం మొక్కజొన్న సాగుకు అనుమతే లేదు. వెనక వైపు తయారీ చిరునామా చూడండి, తేలిపోతుంది. కార్న్‌ఫ్లేక్స్‌కూ ఇదే లెక్క. వేయించిన నూనె ఏదో కూడా చూడండి, అది పామాయిలే అయ్యుంటే దానిలోనూ జీఎం రకమంటూ మార్కెట్లో లేదు.

అమెరికా వాళ్ల రూలులో ఒక తెలివి ఉంది, ఒక తొండి కూడా ఉంది. తెలివి ఏమిటంటే, ఏయే పంటల్లో జీఎం రకాలు ఉన్నాయో వాళ్లే ఒక పట్టిక ఇచ్చేశారు: మొక్కజొన్న, సోయా, పత్తి, కనోలా, చక్కెర దుంప, బొప్పాయి, కొన్ని యాపిల్, బంగాళాదుంప రకాలు వగైరా. తయారీదారుకు చదరంగం ఆడే అవసరం లేదు, పట్టిక చూసి రాయాల్సిందే. తొండి ఏమిటంటే, ‘జీఎం’ అని జనానికి తెలిసిన మాట కాకుండా ‘బయోఇంజనీర్డ్’ అన్న కొత్త మాట తెచ్చారు. పైగా వాక్యం బదులు ఆకుపచ్చ గుర్తయినా పెట్టుకోవచ్చు, ఫోన్‌తో స్కాన్ చేసే కోడ్ అయినా పెట్టుకోవచ్చు అన్నారు. బాగా శుద్ధి చేశాక మారిన జన్యువు ఆనవాలు దొరకని నూనె, చక్కెరలకు 2018 నిబంధనల్లో మినహాయింపూ ఇచ్చారు. హోటళ్లకు అసలు వర్తించదు. అక్కడుండే మనవాళ్లు ‘నూనె డబ్బా మీద ఏమీ లేదు, అంటే లేదన్నమాట’ అని నాకు మెసేజ్ పెడుతుంటారు. అక్కడా అదే పొరపాటు.

యూరప్ వాళ్లు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. 2003 నాటి రెండు నిబంధనలతో, ఒక్కో పదార్థంలో 0.9 శాతం దాటితే రాయాలి, డీఎన్ఏ దొరికినా దొరకకపోయినా రాయాలి అన్నారు. జీఎం సోయా నుంచి తీసిన నూనె ఎంత శుద్ధి చేసినా లేబుల్ పడాల్సిందే. పరీక్షతో కాదు, కొనుగోలు కాగితాలతో పట్టుకుంటారు. గింజ ఎక్కడ పండింది, ఎవరు ఎవరికి అమ్మారు అన్న వరస ప్రతి చేతిలోనూ ఉండాలి. బ్రెజిల్‌లో అయితే పసుపు త్రికోణంలో నల్లని ‘టి’ అక్షరం వేస్తారు. చదువు రానివాళ్లు కూడా గుర్తుపడతారు. నన్నడిగితే మనకు కావాల్సింది యూరప్ వాళ్ల కాగితాలు, బ్రెజిల్ వాళ్ల త్రికోణం. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క పెట్టుకున్న దేశం మనది, ఇంకో చిన్న బొమ్మకు చోటు లేకపోలేదు.

దిగుమతి సరుకు గురించి ఒక జాగ్రత్త. విదేశీ ప్యాకెట్ మీద ఇక్కడి దిగుమతిదారు తన చిరునామా, లైసెన్స్ నంబరు, ఎమ్మార్పీలతో ఒక స్టిక్కర్ అంటిస్తాడు. కొన్నేళ్ల కిందట ఒకాయన పంపిన నమూనాల్లో ఆ స్టిక్కర్ ప్రతి ప్యాకెట్ మీదా సరిగ్గా ‘బయోఇంజనీర్డ్’ అన్న వాక్యం మీదే పడింది. ఎందుకండీ అక్కడే అంటే, ‘అక్కడే ఖాళీ ఉంది సార్’ అన్నాడు. రెండంగుళాలు కిందికి దింపమని చెప్పాను. తర్వాతి కన్‌సైన్‌మెంట్‌కు నన్ను పిలవలేదు. అందుకే, దిగుమతి ప్యాకెట్ కొంటే స్టిక్కర్ అంచు పైకెత్తి కింద ఏముందో చూడండి.

2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు మార్కెట్లో 65 ఆహార నమూనాలు కొని పరీక్ష చేయించారు. 32 శాతంలో జీఎం జాడ దొరికింది. వాటిలో ఎక్కువ భాగం దిగుమతి సరుకే, ఇక్కడివాటిలో ముఖ్యంగా పత్తి గింజల నూనె. చాలావాటి లేబుల్ మీద ఆ ఊసు లేదు. పైన చెప్పిన నా అనుభవానికి అది సరిగ్గా సరిపోయింది.

మీల్‌మేకర్, సోయా నూనె: పేరొకటే, కథ వేరు

ఇక్కడ చాలామంది తికమక పడతారు. మన దేశంలో, మధ్యప్రదేశ్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా, పండే సోయా జీఎం కాదు. ఇక్కడి సోయాతో చేసిన మీల్‌మేకర్‌తో మీకు ఆ గొడవే లేదు. కానీ అదే సోయా పేరుతో ఉన్న నూనె సంగతి వేరు. మనం ఏటా 30 లక్షల టన్నులకు పైగా సోయా నూనె దిగుమతి చేసుకుంటున్నాం, అది ఎక్కువగా అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వస్తుంది. అక్కడి సోయా దాదాపు పూర్తిగా జీఎం. కాకినాడ, కృష్ణపట్నం లాంటి ఓడరేవుల పక్కనే ఉన్న రిఫైనరీల్లో శుద్ధి అయి ప్యాకెట్లోకి ఎక్కుతుంది. సోయా అంటే చాలు భయపడి పిల్లలకు మీల్‌మేకర్ మానిపించి, అదే రోజు సోయా నూనెతో పూరీలు వేయించి పెట్టినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

మీ ఉప్పు ప్యాకెట్ విషయానికి వస్తే, ఉప్పుకు జన్యువులే లేవు కదండీ, ఇక మార్చడానికి ఏముంటుంది! ఆ ముద్రకు డబ్బులు ఎక్కువ పెట్టకండి. రాగిపిండి, కందిపప్పు, నువ్వులు, బెల్లం మీద కూడా ఈ ముద్రలు చూస్తున్నాను. వాటిలో జీఎం రకాలు మన మార్కెట్లో లేవు. వేరుశనగ, పొద్దుతిరుగుడు, నువ్వులు, కొబ్బరి, తవుడు నూనెలదీ అంతే. లేనిదాన్ని లేదని చెప్పి అమ్మడం మా ఊరి సంతలో ‘మా పాలలో రాళ్లు లేవు’ అన్నట్టుంటుంది.

అదే చేత్తో ఇంకో రెండు అపోహలు. హైబ్రిడ్ అంటే జీఎం కాదు. తైవాన్ రెడ్ లేడీ బొప్పాయి, గింజల్లేని పుచ్చకాయ, గట్టిగా ఉండే టమోటా, ఇవన్నీ మామూలు సంకరాలు. వంకాయకు బీటీ రకం 2009 అక్టోబర్‌లో జీఎం పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ దాకా పాసైంది కానీ, హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విన్నాక 2010 ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ నిలిపేశారు. ఇప్పటికీ నిలిచే ఉంది. రెండోది, యాపిల్ మీద స్టిక్కర్ నంబరు ఎనిమిదితో మొదలైతే జీఎం అని వాట్సాప్‌లో తిరిగే కబురు. ఆ అంకెను ఒకప్పుడు జీఎం కోసం కేటాయించిన మాట నిజమే కానీ షాపుల్లో ఎవరూ వాడలేదు. తొమ్మిదితో మొదలయ్యే అయిదంకెల నంబరుకు మాత్రం ఆర్గానిక్ అన్న అర్థం ఉంది.

ఇక మీరు చేయాల్సింది

నూనె ప్యాకెట్ ముందు వైపు బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పండి. ఏ నూనో పేరు ఉంటుంది. బ్లెండెడ్ నూనె అయితే రెండు నూనెల పేర్లూ, ఏది ఎంత శాతమో కూడా రాయాలి. చిరుతిండి ప్యాకెట్లో ‘ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్’ అన్న మాట పక్కన బ్రాకెట్లో ఏముందో చూడండి. పత్తి గింజలు, సోయా, కనోలా ఉంటే జీఎం ఉందనే అనుకోండి. విడిగా క్యాన్లలోంచి పోసి అమ్మే నూనెకు, బజ్జీల బండి మూకుడుకు లేబులే ఉండదు, అక్కడ ఎవరూ ఏమీ చెప్పలేరు.

పూర్తిగా వద్దనుకుంటే ‘జైవిక్ భారత్’ గుర్తు ఉన్న ఆర్గానిక్ సరుకు ఒక దారి. ఆర్గానిక్ ప్రమాణాల్లో జీఎం విత్తనం వాడటం నిషేధం కాబట్టి, ఉట్టి ‘నాన్ జీఎంఓ’ ముద్ర కన్నా దాని వెనక తనిఖీ, కాగితాలు ఉంటాయి.

పాప గురించి మీ భయానికి నా అభిప్రాయం చెబుతాను, నచ్చకపోతే వదిలేయండి. జీఎం లేబుల్ హెచ్చరిక గుర్తు కాదు, అది ఎలా పండిందో చెప్పే సమాచారం. అంతర్జాతీయ మార్కెట్లో ఉన్న జీఎం ఆహారాలు భద్రతా పరీక్షలు దాటి వచ్చినవేననీ, వాటివల్ల ఆరోగ్యానికి ముప్పు ఉండే అవకాశం లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాప తినే చిరుతిళ్లలో నాకు జీఎం కన్నా ఉప్పు, చక్కెర, మళ్లీ మళ్లీ కాచిన నూనె ఎక్కువ కంగారు పెడతాయి. అయినా రాయాల్సిందే అంటాను. నేను కొనేది ఏమిటో నాకు తెలియాలి, తినాలా వద్దా అన్నది నా ఇష్టం. ‘ప్రమాదం లేదు కాబట్టి చెప్పక్కర్లేదు’ అన్న వాదన నాకు మింగుడు పడదు. వెల్లుల్లి ప్రమాదమా? అయినా తినని ఇళ్లున్నాయిగా, వాళ్లకు చెప్పి వడ్డించమా?

ముందు ముందు ఇంకో చిక్కు ఉంది. 2025 మే 4న కేంద్రం రెండు జీనోమ్ ఎడిటెడ్ వరి రకాలను ప్రకటించింది. ఒకటి మన హైదరాబాద్ రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన ‘కమల’, దాని తల్లి మన సాంబ మసూరి. రెండోదాని తల్లి మారుటేరు నుంచి వచ్చిన కాటన్‌దొర సన్నాలు. వీటిలో వేరే జీవి జన్యువు ఉండదు, వరిలో ఉన్న జన్యువునే ఒకచోట సరిదిద్దుతారు. అందుకే 2022 మార్చిలోనే ఇలాంటివాటికి జీఎం పంటల అనుమతుల తతంగం నుంచి మినహాయింపు ఇచ్చారు. రేపు ఆ బియ్యం బస్తా మీద ఏమి రాయాలి? పీసీఆర్‌తో వెతకడానికి అందులో వైరస్ స్విచ్చి లాంటిదేదీ ఉండదు. నా మటుకు నాకు బస్తా మీద రకం పేరు నిజాయితీగా రాస్తే చాలు. బియ్యాన్ని మనం ఎలాగూ పేరు పెట్టే కొంటాం. కానీ సన్నాల పేరుతో ఏ బియ్యమైనా అమ్ముడుపోయే మార్కెట్ మనది, అదీ ఇబ్బంది.

చివరిగా, మీ నూనె విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ప్యాకెట్ మీద కస్టమర్ కేర్ మెయిల్ తప్పనిసరిగా ఉంటుంది. ఒకే ఒక ప్రశ్న రాయండి: ‘ఈ బ్యాచ్‌లోని నూనె ఏ గింజ నుంచి, ఏ దేశంలో పండిన గింజ నుంచి తీశారు?’ జీఎంఓ ఉందా అని అడిగితే ‘మా ఉత్పత్తి అన్ని ప్రమాణాలకూ లోబడి ఉంది’ అన్న రెడీమేడ్ జవాబు వస్తుంది. దేశం పేరు అడిగితే తప్పించుకోవడం కష్టం. అర్జెంటీనా అన్నారా, మీకు జవాబు దొరికినట్టే. పదిహేను రోజులైనా పలక్కపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి. లైసెన్స్ నంబరు పద్నాలుగు అంకెలు ఉంటుంది, బ్యాచ్ నంబరుతో పాటు అది కూడా దగ్గర పెట్టుకోండి. జవాబు వస్తే ఈ సమాధానం కిందే పెట్టండి, నేనూ చూస్తాను.